ఓబులేసు పెండ్లాం

ముందే చెబుతున్నాను, నేను ఉమకు ఆడబిడ్డను. ఆడబిడ్డ మాట ఎవరు నమ్ముతారు? పొగిడితే నటిస్తున్నానంటారు, తిడితే బుద్ధి పోనిచ్చుకోలేదంటారు. అందుకని రెండూ చేస్తాను, మీకు ఏది కావాలో అది తీసుకోండి. నా పేరు రాఘవమ్మ. తర్లుపాడు దగ్గర మా ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. పుట్టిందీ ఇక్కడే, మెట్టిందీ ఇక్కడే. మా తమ్ముడు మాలకొండయ్య ఇంటికీ మా ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉంది. వాళ్లింట్లో గరిటె కింద పడితే మా ఇంట్లో నేను ఉలిక్కిపడతాను.

ఉమ ఆ తమ్ముడి భార్య. పుట్టిల్లు అర్ధవీడు పక్క. కాపురానికి వచ్చిన రెండో నెలలోనే నన్ను అనుకరించడం మొదలుపెట్టింది. నేను కొంగు బొడ్లో దోపుకుని, వాళ్ల కుండల మీద మూతలెత్తి, "ఏం వండినావే, ఉప్పేసినావా?" అని అడిగే తీరు నేను లేనప్పుడు చేసి చూపించేదట. కరోనా రోజుల్లో ఏ పనీ లేక మా తమ్ముడు దాన్ని ఫోన్లో తీసి యూట్యూబ్‌లో ఎక్కించాడు. వారం తిరక్కుండా కురిచేడు నుంచి మా మేనత్త కోడలు ఫోన్ చేసింది. "వదినా, నువ్వు యూట్యూబ్‌లో వచ్చినావు. మొహం మాత్రం ఉమది పెట్టుకున్నావేంది?" అంది.

నేను చీపురు పట్టుకునే వెళ్లాను. లక్షా ఇరవై వేల మంది చూశారని మా తమ్ముడు చెప్పాడు. చీపురు గోడకు ఆనించి కూర్చున్నాను. "నా నడక అట్ల కాదే, కొంచెం ఎడమకు వంగి నడుస్తా" అని దిద్ది వచ్చాను. అప్పటి నుంచి ఆ వేషం నేనే కడుతున్నాను. దానికి గయ్యాళి రాఘవ అని పేరు. నాకేం సిగ్గు లేదు, మా ఎంపీడీవో మేడమ్ కూడా నాతో సెల్ఫీ దిగింది.

ఆడబిడ్డ దొరికింది గానీ ఛానెల్‌కు మొగుడు దొరకలేదు. మొదట మా తమ్ముడినే నిలబెట్టారు. వాడు కెమెరా చూడగానే ఆధార్ ఫోటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోతాడు. "అన్నం పెట్టు" అనే రెండు మాటలకు పద్నాలుగు టేకులు తీసుకున్నాడు. పద్నాలుగో టేకులో నిజంగానే అన్నం పెట్టించుకుని తినేశాడు. అప్పుడు మార్కాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఇమ్తియాజ్‌ను పిలుచుకొచ్చారు. సన్నగా, వేపపుల్లలాంటి మనిషి. లుంగీ ఎగ్గట్టి అరుగు మీద కూర్చుంటే చాలు, సోమరిపోతు మొగుడు ఓబులేసు తయారు. ఇమ్తియాజ్ భార్య ముబాషిరా ఎడిటింగు చేస్తుంది. కత్తిరింపులు ఎంత బాగా చేస్తుందంటే, నా డైలాగులు సగం ఆమె దగ్గరే పోతాయి. దాని గురించి ఇంకోసారి మాట్లాడతాను.

ఇమ్తియాజ్ మా తమ్ముడిని అన్నా అని, ఉమను వదినా అని పిలుస్తాడు. కెమెరా ఆన్ అయితే మాత్రం "ఏమే, నీళ్లు తేవే" అంటాడు. ఉమ చెంబు విసిరేస్తుంది. "ఒరే ఓబులేసూ, నీ మొహం మండ! కాళ్లు లేవా నీకు?" అంటుంది. ఆ ఒక్క ముక్కతో ఛానెల్ ఎక్కడికో పోయింది. గిద్దలూరు ఆటోల వెనక అదే రాయించుకున్నారు. మొగుణ్ణి పేరు పెట్టి, ఒరే అని తిట్టే ఆడది మా పక్క ఆడవాళ్లకు ఎంత నచ్చిందో చెప్పలేను. వాళ్లు ఇళ్లలో మింగేసిన మాటలన్నీ ఈమె నోట్లోంచి వస్తున్నాయి.

ఈమె సంసారం కూడా చెప్పాలి. పొద్దున ఐదుకు లేచి వంట, మూడో క్లాసు చదివే పాప లక్ష్మీప్రియకు జడలు, తొమ్మిదికి షూటింగు, మూడున్నరకు బడి దగ్గర పాప. వీడియోలో మాడబెట్టిన కూరే మధ్యాహ్నం మాకు అన్నంలోకి వచ్చేది. ఇంట్లో ఏ గొడవ జరిగినా వృథా కాదు. మంగళవారం మా తమ్ముడు తువ్వాలు మంచం మీద పారేస్తే శనివారం ఓబులేసు పారేస్తాడు. "నేనన్న మాటలు వానితో ఎందుకు అనిపిస్తావు?" అని మా తమ్ముడు ఒకసారి అడిగాడు. "నువ్వంటే ఎవరూ నవ్వరు, నేను ఏడుస్తా. ఇమ్తియాజ్ అంటే లోకం నవ్వుతుంది" అంది. వాడు తలగోక్కుంటూ ఆ గొడవ కూడా తానే షూట్ చేశాడు.

లోకం ఒక్కటే తప్పు చేసింది, ఇమ్తియాజే ఉమ మొగుడనుకుంది. మార్కాపురం సంతలో జనం చుట్టుముట్టి, "కెమెరా అన్నా, నువ్వు కొంచెం పక్కకు జరుగు, అక్కాబావతో ఫోటో దిగుతాం" అని మా తమ్ముడి చేతికే ఫోన్ ఇచ్చేవాళ్లు. వాడు ఫోటో బాగా తీస్తాడు, తీసి ఇచ్చేవాడు. పాప బళ్లో కొత్త టీచరు, "మీ నాయనను పంపించలేదేంది, ఎవరో మామను పంపినారు?" అని అడిగిందట. వాడు ఆ రోజు ఇంటికి వచ్చి గేదెకు రెండుసార్లు నీళ్లు పెట్టాడు. వాడికి మనసు బాగోలేనప్పుడు గేదెకు దాహం వేస్తుంది.

ఇంకో సంగతి ఉంది. ఉమ నోట మా తమ్ముడి పేరు ఎవరూ వినలేదు. ఇది మా పక్క వింతేమీ కాదు, పాతకాలం ఆడవాళ్లందరూ అంతే. మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందంటారు. నేను నమ్మను. మా ఆయన సుబ్బరాయుడిని రోజుకు పదిసార్లు పేరు పెట్టి పిలుస్తాను, ఆ మనిషికి జలుబు కూడా రాలేదు. కానీ ఇంటర్ చదివి, ఐదు లక్షల మంది ముందు మొగుణ్ణి ఒరే అనే ఉమ ఇంట్లో మాత్రం "పాప నాయన" అనేది, "మీ తమ్ముడు" అనేది, దూరంగా ఉంటే చప్పట్లు కొట్టి పిలిచేది. రేషను ఆఫీసులో పేరు అడిగితే కాగితం మీద రాసి చూపించింది. నేను దాన్ని టెక్కు అనుకున్నాను.

ఇక గిద్దలూరు పెళ్లి. మా ఛానెల్ అంటే ప్రాణం పెట్టే ఒక ఇంటివాళ్లు మా అందరినీ పిలిచారు. పెళ్లి అయ్యాక కొత్తకోడలు ఇంట్లో అడుగు పెట్టేటప్పుడు ఆడబిడ్డ గడపకు అడ్డం నిలబడి పేర్లు చెప్పిస్తుంది కదా. పెళ్లికొడుకు చెల్లెలు చంటి అని ఒక గడుసుపిల్ల, కొత్త దంపతుల చేత చెప్పించి లోపలికి పంపింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. వెనకాలే వస్తున్న మమ్మల్ని చూసి చేతులు అడ్డం పెట్టింది.

"అక్కా, నువ్వు కూడా మీ ఆయన పేరు చెప్పాల్సిందే!"

ఉమ పక్కన మా తమ్ముడున్నాడు. ఆ రోజు కెమెరా లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాపను ఎత్తుకుని, భార్య పక్కన భర్తలాగా నిలబడ్డాడు. వాడు ఆ ఆట చూసి మురిసిపోయాడు, నేను చూశాను. వీళ్ల పెళ్లప్పుడు మా గడప దగ్గర అడ్డం నిలబడింది నేనే. ఉమ పెదాలు కదిపింది, మేళం మోతలో నాకేమీ వినపడలేదు, చెప్పిందనుకుని పంపించాను. వాడు మాత్రం వినపడలేదని గుర్తుపెట్టుకున్నట్టున్నాడు.

"నరసింహస్వామి కొండ లేదా, ఆ కొండ పేరు" అని ఉమ, మా తమ్ముడి పేరులోని కొండను గుర్తుచేసి తప్పించుకోబోయింది.

"అట్ల కుదరదు. పేరు పేరులాగ చెప్పు. మూడు లెక్కబెడతాం!"

చుట్టూ ఫోన్లు లేచాయి. ఆడవాళ్లందరూ ఒకటి అన్నారు, రెండు అన్నారు. ఉమ మొహానికి చెమట పట్టింది. మూడు అనగానే ఆమె నోరు దానంతట అదే తెరుచుకుంది. రోజుకు యాభైసార్లు తిరిగే దారిలోనే నాలుక తిరిగింది.

"ఓబులేసు!"

పెళ్లి ఇల్లు పగలబడి నవ్వింది. వెనక లడ్డు నోట్లో పెట్టుకున్న ఇమ్తియాజ్ చేతులు రెండూ పైకెత్తి, "అన్నా, నేనేమీ చేయలేదన్నా" అన్నాడు. దాంతో ఇంకా నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధం చెప్పను. మా తమ్ముడి మొహం చూశాక నవ్వు ఆపుకోలేక దగ్గుగా మార్చాను. వాడు పాపను కిందికి దించి, చెప్పులు వేసుకుని, భోజనం చేయకుండా బయటికి నడిచాడు. మేము ఊరు చేరేలోపలే ఆ ముక్క నలభై వేల మంది చూశారు. మా ఛానెల్‌కు ఎప్పుడూ అంత తొందరగా రాలేదు.

ఆ తర్వాత మూడు రోజులు వాడు మాట్లాడలేదు. గేదె నీళ్లు తాగీ తాగీ విసిగిపోయింది. నాలుగో రోజు గోడ ఇవతల నేను బియ్యం ఏరుతుంటే వాడి గొంతు వినిపించింది.

"తొమ్మిదేళ్లయింది. ఒక్కసారన్నా నా పేరు నీ నోట్లో నుంచి వచ్చిందా? వాని పేరు నిద్రలో గూడా వస్తాది నీకు. ఇప్పుడు పిలువు. ఒక్కసారి పిలిస్తే నేను ఇంకేమీ అడగను."

నేను చేట పక్కన పెట్టాను. ఉమ ఏదో అంటుందని చూశాను. గిన్నెలు తోమే చప్పుడే వచ్చింది.

"సరేలే. మేస్త్రీ జట్టు బెంగళూరు పోతాంది. నేను కూడా పోతాండా. నీ సినిమాకు మొగుడు ఉండాడు, కెమెరా స్టాండు కొనుక్కో. నేనెందుకు మీ మధ్యలో?"

మర్నాడు పొద్దున షూటింగని ఉమ వేషం వేసుకుంది, నుదుట రూపాయంత బొట్టు, మోకాళ్లదాకా ఎగ్గట్టిన చీర. చూస్తే వాడి సంచీ లేదు. మంచం మీద కెమెరా ఫోన్ పెట్టి పోయాడు. ఆమె గోడ దూకి నా దగ్గరికి వచ్చింది. నేను అప్పటికే కోపంగా ఉన్నాను, ఆమె మీదే.

"ఎంత టెక్కే నీకు! ఐదు అక్షరాలు పలికితే నీ సొమ్మేం పోయింది?" అన్నాను.

అప్పుడు చెప్పింది. వాళ్లమ్మ లక్ష్మీదేవమ్మ ఒకసారి మొగుడు చెన్నకేశవులుతో పెద్ద గొడవ పడి, వీధిలో నిలబడి పేరు పెట్టి తిట్టిందట. పెళ్లయిన ఇరవై ఏళ్లకు అదే మొదటిసారి. పదిహేడో రోజు ఆయనను కంది చేలో పాము కరిచింది. మార్కాపురం తీసుకుపోయేలోపలే దారిలో పోయాడు. అప్పటి నుంచి ఆ తల్లి, తన నోరే మొగుణ్ణి మింగిందని నమ్ముతోంది. కూతురి పెళ్లికి ముందు తల మీద చేయి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది.

"నేను ఇంటర్ చదివినా వదినా. అంతా ఉత్తదే అని నాకూ తెలుసు. కానీ నోరు తెరిస్తే మా నాయన ఆటోలో పడుకున్నది కనపడతాది. మీ తమ్మునికి ఏమన్నా అయితే నేనెట్ల బతికేది?" అని ఏడ్చింది. ఆ పెద్ద బొట్టు, కారిపోయిన కాటుక, ఆ ఏడుపు చూస్తే నవ్వు రావాలి. నాకు రాలేదు. ఇన్నేళ్లూ దాన్ని టెక్కు అనుకున్నందుకు నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

"నడువు" అని ఆటో పిలిచాను.

ఏ బస్టాండో చెప్పను, అక్కడ మైకు దగ్గరి మనిషికి పిల్లలున్నారు, ఆయన ఉద్యోగం పోగొట్టలేను. లోపల పదికి పైగా బస్సులున్నాయి, బయల్దేరబోయేవి నాలుగు. వాడి ఫోన్ స్విచాఫ్. మేము మైకు గదిలోకి దూరాం. ఆ మనిషి ఉమను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"అక్కా! మీరా! మా ఇంట్లో మీ వీడియో లేందే అన్నం తినరు!"

"మా ఆయన బెంగళూరు బస్సు ఎక్కినాడు అన్నా, దిగమని ఒక మాట చెప్పు" అంది ఉమ.

పేరు అడుగుతాడని నేను చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. అడిగితే కదా! ఆయనకు తెలియని పేరా? మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, "ప్రయాణికులకు మనవి! మన ఓబులేసు గారు ఎక్కడున్నా వెంటనే మైకు గది దగ్గరికి రావలెను, మీ భార్య ఎదురుచూస్తున్నారు!" అన్నాడు.

బస్టాండంతా ఈలలు వేసింది. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఆ నాలుగు బస్సుల్లో ఏదో ఒక దాంట్లో కూర్చుని మా తమ్ముడు కూడా ఆ మాట విన్నాడు. ఒక బస్సు స్టార్ట్ అయింది.

ఉమ మైకు లాక్కుంది. "కాదు. ఓబులేసు కాదు. మా ఆయన పేరు..." అని ఆగింది. ఆమె గుటక మింగింది కూడా స్పీకర్లలో వినిపించింది.

"వద్దులేవే, ఇట్లియ్యి, నేను చెప్తా" అన్నాను.

"నువ్వు పిలిస్తే దిగడు వదినా."

కళ్లు గట్టిగా మూసుకుంది. "మాలకొండయ్యా!" అని అరిచింది. రెండోసారి పిలవలేక మైకు పట్టుకునే కింద కూర్చుండిపోయింది.

వాడు సంచీ బస్సులోనే వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చాడు. మొహం వెలిగిపోతోంది వెధవకి. "ఇంకోసారి అను" అన్నాడు.

"ఇంక అనను. నువ్వు సచ్చిపోతావు" అని వాడి కాళ్లు పట్టుకుంది.

వాడికేమీ అర్థం కాలేదు. వాళ్ల నాయన సంగతి, పదిహేడు రోజుల సంగతి నేనే చెప్పాను. మైకు ఆఫ్ చేయలేదని మాకెవరికీ తెలియదు. బస్టాండంతా విన్నది. కదిలిన బస్సు ఆగింది, కండక్టరు దిగి వాడి సంచీ తెచ్చి మా పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు వాడు.

"చెప్తే నువ్వు నవ్వుతావు. నవ్వి, ఏదీ ఒకసారి అను చూద్దాం అంటావు."

వాడు కాదనలేదు. అనేవాడే.

ఆ పదిహేడు రోజులు ఇంట్లో చూడాలి. షూటింగులు బంద్. ఓబులేసు ఏమైపోయాడని జనం కామెంట్లు పెడుతుంటే ముబాషిరా జవాబులు రాయలేక చేతులెత్తేసింది. ఉమ వాణ్ణి బండి ఎక్కనివ్వదు, చేనుకు పోనివ్వదు. పోక తప్పకపోతే చేతిలో కర్రతో ముందు ఆమె నడిచి, గట్టు మీద నేల కొడుతూ పోతుంది. వెనక వాడు కొత్త పెళ్లికూతురులాగా నడుస్తాడు. పదకొండో రోజు వాడు తుమ్మితే మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు ఏమీ లేదన్నాడు. ఈమె ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. వాడు మొదట రెండు రోజులు నవ్వాడు. తర్వాత వాడికీ భయం పట్టుకుంది, రాత్రి చెప్పులు దులపకుండా వేసుకునేవాడు కాదు. భయపడేవాళ్ల మధ్య ధైర్యంగా ఉండటం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. పద్నాలుగో రోజు మా సుబ్బరాయుడిని పేరు పెట్టి పిలవబోయి, "ఏమయ్యా" అన్నాను. ఆ మనిషి ఆశ్చర్యపోయి నాకు జ్వరమేమో అని నుదురు పట్టి చూశాడు.

పద్దెనిమిదో రోజు తెల్లారింది. మా తమ్ముడు అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. ఇమ్తియాజ్, ముబాషిరా షూటింగు ఉంటుందో ఉండదో కనుక్కుందామని వచ్చారు. ఉమ వాడి ఎదురుగా కూర్చుని వాళ్లమ్మకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది.

"అమ్మా, నీకొకటి చెప్పలేదు. ఈయనను పేరు పెట్టి పిలిచినా."

అవతల లక్ష్మీదేవమ్మ, "అయ్యో నా తల్లీ, ఎంత పని చేసినావే!" అని గుండెలు బాదుకుంది. బాదుకున్న చప్పుడు మాకు వినిపించింది.

"ఇను మా. పద్దెనిమిది రోజులైంది. ఏమీ కాలేదు. నా ఎదురుగానే ఉండాడు. రెండు రొట్టెలు తిన్నాడు, మూడోది అడగతాండాడు."

లైను తెగిందేమోనని ఉమ రెండుసార్లు అమ్మా అమ్మా అని పిలిచింది.

"గట్టిగా పిలిచినావా? అందరూ ఇనేట్టు?" అని అడిగింది ఆమె.

"మైకులో పిలిచినా."

"అయితే..." అని ఆ ముసలామె ఆగింది. "అయితే మీ నాయన పోయింది నా నోటి వల్ల కాదా?"

మా తమ్ముడు రొట్టె కింద పెట్టి ఫోన్ దగ్గరికి వంగాడు.

"కాదత్తా. పాము వల్ల" అన్నాడు.

లక్ష్మీదేవమ్మ, ఎవరినో నిద్రలేపుతున్నట్టు, మెల్లగా, "చెన్నకేశవులూ" అంది. మళ్లీ కొంచెం గట్టిగా, "ఏమయ్యా చెన్నకేశవులూ" అంది.